గునుగు: కలుపు ఆల్బమ్‌లో మిగిలిపోయిన పువ్వు

వ్యవసాయ కళాశాలలో కలుపు యాజమాన్యం చదివే విద్యార్థి వానాకాలంలో సేకరించే తొలి నమూనాలలో గునుగు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. దొరకడం సులువు, ఆరబెట్టడం సులువు, అట్టకు అతికించిన తరువాత కూడా పువ్వు రంగు పెద్దగా చెడదు. కింద శాస్త్రీయ నామం సెలోసియా అర్జెంటియా, కుటుంబం అమరాంథేసి, వెడల్పాకు ఏకవార్షిక కలుపు అని రాస్తే ఆ పుట పూర్తవుతుంది. ఆ మొక్కతో విద్యార్థికి ఉన్న శాస్త్రీయ సంబంధం కూడా చాలావరకు అక్కడితోనే ముగుస్తుంది. అదే విద్యార్థిని దసరా సెలవులకు తెలంగాణలోని సొంత ఊరు చేరినప్పుడు బతుకమ్మ పేర్చడానికి తల్లితో కలసి గునుగు కోసం గట్లు వెదుకుతుంది. పుస్తకంలోని మొక్క, పండుగలోని పువ్వు ఒకటేనని ఆమెకు తెలుసు. ఆమెకు పాఠం చెప్పిన విజ్ఞానశాఖ మాత్రం ఆ రెండింటినీ ఇంతవరకు ఒకే పుటలో రాయలేదు.

ఈ నిర్లక్ష్యానికి పరిపాలనాపరమైన కారణం ఒకటి ఉంది. సస్యశాస్త్ర విభాగానికి గునుగు నిర్మూలించవలసిన కలుపు. ఉద్యాన విభాగపు పూలసాగులో బంతి, చామంతి, గులాబీ, లిల్లీలకు ఉన్న స్థానం దీనికి లేదు. ఔషధ మొక్కల జాబితాలలో ఇది చివరి వరుసలో కూడా అరుదుగా కనిపిస్తుంది. ఏ విభాగానికీ చెందని మొక్కపై ఎవరూ ప్రయోగం వేయరు. ప్రయోగం లేనిచోట సిఫార్సు ఉండదు. సిఫార్సు లేని మొక్కను గురించి రైతు అడిగితే విస్తరణ శాస్త్రవేత్త చెప్పగలిగిన సమాధానం ఒక్కటే: పీకివేయండి, లేదా మందు చల్లండి. ఈ సమాధానం చాలా పొలాలలో సరైనదే. అన్ని చోట్లా, అన్ని కాలాలలో అదొక్కటే సమాధానమా అన్నది పరిశీలించవలసిన విషయం.

గుర్తింపులోనే మొదలయ్యే తికమక

గునుగు, గురుగు అనే రెండు పేర్లూ తెలుగు ప్రాంతాలలో ఈ మొక్కకు వాడుకలో ఉన్నాయి. తెలంగాణ జిల్లాలలో గునుగు అన్నదే స్థిరపడింది. తోటలలో పెంచే కోడిజుట్టు పువ్వు, అంటే బతుకమ్మలో పట్టుకుచ్చుగా పిలిచేది, దీనికి అతి సమీప బంధువు. చాలామంది వర్గీకరణ శాస్త్రవేత్తలు దానిని ఇదే జాతిలో ఒక రకంగా పరిగణిస్తారు. లిన్నేయస్ 1753లో ఈ జాతికి పెట్టిన పేరులోని రెండవ పదానికి లాటిన్‌లో వెండి వంటిది అని అర్థం. చేనులో విరగబూసిన గునుగును దూరం నుంచి చూసినవారికి ఆ పేరు ఎందుకు పెట్టారో వేరుగా వివరించనవసరం లేదు.

మొక్క నిటారుగా, మోకాలి ఎత్తు నుంచి సారవంతమైన నేలలో మనిషి ఛాతీ ఎత్తు వరకు పెరుగుతుంది. కాండం నునుపుగా, నిలువు గాడులతో ఉంటుంది. ఆకులు ఏకాంతరంగా అమరి, సన్నగా పొడవుగా, కొన తేలి ఉంటాయి. కాండంలోనూ ఆకు ఈనెలలోనూ కొన్ని మొక్కలకు ఎర్రని ఛాయ ఉంటుంది. ఆ ఛాయను బట్టి వేరే జాతిగా భావించడం విద్యార్థులలో తరచు కనిపించే పొరపాటు. కొమ్మల చివర వచ్చే కంకి దట్టంగా, శంఖాకారంలో మొదలై క్రమంగా పొడవై స్తంభాకారం పొందుతుంది. విచ్చుకునే పూలు గులాబీ రంగులోనూ, విచ్చుకున్నవి తెలుపులోనూ ఉండడం వల్ల ఒకే కంకి అడుగున వెండి, కొనన గులాబీగా కనిపిస్తుంది.

పూతకు రాని దశలో చిలకతోటకూరతో దీనిని పొరబడే అవకాశం ఎక్కువ. చిలకతోటకూర ఆకు కొన నొక్కినట్లు లోపలికి ఉంటుంది, గునుగు ఆకు కొన మొనదేలి ఉంటుంది. ఉత్తరేణిని గుర్తించడం ఇంకా సులువు. దాని ఆకులు అభిముఖంగా ఉంటాయి, కాయలు బట్టలకు గుచ్చుకుంటాయి. చెంచలికూరకు సన్నని కంకులు ఆకు గ్రీవాల నుంచి వస్తాయి. పిండికూర కంకులు చిన్నవి, దూది అంటినట్లు నూగుగా ఉంటాయి. అనుమానం తీరకపోతే కాయను గోటితో విప్పి చూడడం ఉత్తమం. తోటకూరలోనూ ఉత్తరేణిలోనూ కాయకు ఒకే గింజ. గునుగు కాయ మూతపెట్టిన గిన్నెలా అడ్డంగా తెరచుకుంటుంది, లోపల అనేక గింజలు ఉంటాయి. గింజ నల్లగా, మెరుస్తూ, కటకం ఆకారంలో సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది. తోటకూర విత్తనంలో కలిస్తే వేరుచేయడం కష్టం కనుక ఆకుకూరల విత్తనోత్పత్తిదారులు ఈ ఒక్క లక్షణాన్నైనా గుర్తుంచుకోవాలి.

పువ్వు నిర్మాణాన్ని గురించి కొంత విడమరచి చెప్పడం అవసరం, ఎందుకంటే ఈ మొక్క ఉపయోగమంతా అందులోనే ఉంది. గునుగు పువ్వుకు మల్లెకో చామంతికో ఉన్నట్లు నీటితో నిండిన మెత్తని రేకులు లేవు. ఐదు పరిపత్రాలు పల్చని కాగితంలా, పొడిగా, పారదర్శకంగా ఉంటాయి. కోసిన తరువాత అవి కోల్పోవలసిన నీరు చాలా తక్కువ. అందువల్లనే బతుకమ్మ తొమ్మిది రోజులకూ ముందుగానే కోసి తెచ్చిన గునుగు కట్ట మూలన పడి ఉన్నా ఆకారం చెడదు. తెల్లని, పొడి ఉపరితలం కనుకనే దానికి రంగులు అద్దడం సాధ్యమైంది. శీతల గిడ్డంగి అవసరం లేని, దూరప్రయాణాన్ని తట్టుకునే, తడి లేని పువ్వు ఒకటి వర్షాధార ఎర్రచల్క నేలలో ఎరువు లేకుండా పండుతున్నదంటే, పూలసాగు శాస్త్రవేత్త దృష్టిలో అది చిన్న విషయం కాకూడదు.

రైతు వైపు నుంచి చూస్తే

అయితే గునుగును పొగడే ముందు వేరుశనగ రైతు పక్షాన నిలబడి చూడవలసి ఉంది. విత్తిన తరువాత తొలి 45 రోజులు కలుపు లేకుండా ఉంచడం వేరుశనగకు కీలకం. ఊడలు దిగడం మొదలైన తరువాత గుంటక తోలడం కుదరదు. ఆ తరువాత వచ్చిన వానకు మొలిచిన గునుగు, పొట్టి పైరును దాటి పైకి లేచి వెలుతురును అడ్డుకుంటుంది. దానిని చేత్తో పీకడం తప్ప మార్గం ఉండదు. బలమైన తల్లివేరుతో పాటు చుట్టూ ఉన్న ఊడలూ కదులుతాయి. ఒక మొక్క వేల సంఖ్యలో గింజ రాల్చగలదు కనుక ఒక్క ఏడాది చూసీచూడనట్లు వదిలితే తరువాతి కొన్నేళ్ళ కూలి ఖర్చు నేలలో జమ అయినట్లే. కంది, జొన్న, పెసర, పత్తి చేలలోనూ ఇదే కథ, తీవ్రతలో తేడా మాత్రమే. అనంతపురం వేరుశనగ రైతుకు బతుకమ్మ మార్కెట్ లేదు. ఆయనకు గునుగు సౌందర్యాన్ని గురించి ఉపన్యసించడం విస్తరణ కాదు.

తెలంగాణలో మాత్రం చిత్రం వేరు. కలుపుతీత ప్రధానంగా మహిళల పని. శ్రావణంలో చేనులో గునుగును పీకిన చేతులే ఆశ్వయుజంలో అదే మొక్క కోసం వెదుకుతాయి. కూలి దొరకక, దొరికినా గిట్టక, కలుపుమందుల వాడకం పెరిగిన కొద్దీ చేలలో గునుగు తగ్గింది. అది అనివార్యమే, చాలావరకు మంచిదే. చేనుతో పాటు గట్టు కూడా మందుకు గురికావడం మాత్రం అనివార్యం కాదు. గట్టుపై ఉన్న గడ్డి, పశువుల మేత, తేనెటీగలకు వానాకాలం చివర దొరికే పూత, గునుగు, తంగేడు అన్నీ ఒకే పిచికారీలో మాడిపోతున్నాయి. గ్లైఫోసేట్ వాడకాన్ని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం శిక్షణ పొందిన పురుగు నియంత్రణ నిర్వాహకులకే పరిమితం చేసినా, గట్టుపై మందు చల్లే అలవాటు కాగితం మీది నిబంధనతో మారేది కాదు. నగరాల చుట్టుపక్కల బీడు భూములు ఇళ్ళ స్థలాలుగా మారడం మరొక కారణం. ఫలితంగా పండుగకు ముందు పట్టణాల కూడళ్ళలో గునుగు కట్టలు అమ్మే మహిళలు ఆ పువ్వు కోసం ప్రతి ఏడూ మరింత దూరం వెళ్ళవలసి వస్తున్నది. బతుకమ్మను రాష్ట్ర పండుగగా 2014లో ప్రకటించారు. తంగేడుకు రాష్ట్ర పుష్పం హోదా దక్కింది. బతుకమ్మలో పరిమాణం రీత్యా తంగేడుకు ఏమాత్రం తీసిపోని గునుగుకు దక్కినది కలుపు నివారణ కరపత్రంలో ఒక పంక్తి.

చంద్రమానపు పండుగ, సూర్యమానపు మొక్క

గునుగును కావాలని పెంచడమేమిటి, దానంతట అదే మొలుస్తుంది కదా అన్న ప్రశ్న సహజం. దానంతట అది మొలిచినప్పుడు దొరికే పువ్వు, కావలసిన రోజున కావలసిన పొడవులో దొరకదు. అక్కడే సస్యశాస్త్రానికి పని ఉంది.

బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలవుతుంది. ఆ అమావాస్య 2023లో అక్టోబరు 14న, 2024లో అక్టోబరు 2న, 2025లో సెప్టెంబరు 21న వచ్చింది. మూడేళ్ళలో ఇరవై మూడు రోజుల తేడా. మొక్కకు పంచాంగంతో పని లేదు. పగలు తగ్గేకొద్దీ పూతను త్వరపరచుకునే స్వభావం సెలోసియాలకు ఉంది. ముందుగా విత్తినది పొడవుగా, కొమ్మలతో పెరిగి పూస్తుంది. ఆలస్యంగా విత్తినది పొట్టిగా ఉండగానే కంకి వేస్తుంది. అంటే పండుగ సెప్టెంబరులో వచ్చే ఏడాది, అక్టోబరు మధ్యలో వచ్చే ఏడాది ఒకే విత్తే తేదీ పనికిరాదు. జూన్ చివరి నుంచి ఆగస్టు మొదటి వారం వరకు పదిహేను రోజుల ఎడంతో విత్తి, ఏ తేదీ విత్తనం ఎన్ని రోజులకు, ఎంత కాడ పొడవుతో కోతకు వస్తుందో నమోదు చేయడం ఒక స్నాతకోత్తర విద్యార్థి రెండు వానాకాలాలలో పూర్తి చేయగల పని. దానికి పెద్ద నిధులు అక్కరలేదు. ఫలితం మాత్రం కృషి విజ్ఞాన కేంద్రాలు ప్రతి ఏడూ పంచాంగం చూసి విత్తే తేదీ చెప్పడానికి ఉపయోగపడుతుంది. ఇంత సరళమైన ప్రయోగానికి గునుగు ఇంతకాలం నోచుకోకపోవడం విచిత్రం.

మిగిలిన సాగు వివరాలకు సమీప పంటల నుంచి కొంత ఆధారం దొరుకుతుంది. ఇక్కడ చెప్పినవి నిర్ధారిత సిఫార్సులు కావు, ప్రయోగానికి ప్రాతిపదికలు మాత్రమే. గింజ సన్నం కనుక నాలుగైదు రెట్లు సన్నని ఇసుక కలిపి, ముప్పై సెంటీమీటర్ల సాళ్ళలో పైపైన విత్తి, తేలికగా మట్టి కప్పాలి. లోతుగా పడిన గింజ మొలవకుండా నేలలో మిగిలి తరువాతి పంటకు కలుపు అవుతుంది. మొలిచిన మూడు వారాలకు మొక్కల దూరం సరిచేసి, తీసిన మొక్కలను కూరకు వాడుకోవచ్చు. దూరం ఎక్కువైతే కొమ్మలు విస్తరించి పొట్టి కాడల చిన్న కంకులు ఎక్కువగా వస్తాయి. బతుకమ్మకు ఒక్కొక్క పొడవైన కాడ కావాలి కనుక ఒత్తుగా ఉంచడమే మేలని తోస్తుంది. నత్రజని ఎక్కువైతే మొక్క మెత్తబడి గాలివానకు ఒరుగుతుంది. నీరు నిలిచే నల్లరేగడి కంటే మురుగు పోయే ఎర్రనేల దీనికి అనువు. సాగు స్థలం పెరటి మడి, ఇంటి కంచె వార, మహిళా సంఘాల ఉమ్మడి స్థలం, పాఠశాల ఆవరణ వంటివి అయి ఉండాలి. పంటచేను మధ్యలో గాని, వేరుశనగ చేను గట్టుపై గాని గునుగును విత్తమని ఏ శాస్త్రవేత్తా చెప్పకూడదు.

మరొక హెచ్చరిక కూడా అవసరం. గునుగును ఆకుకూరగా సాగుచేసే నైజీరియాలో వేరుబుడిపె నులిపురుగు దానికి ప్రధాన సమస్య. టమాట, వంగ, బెండ సాగుచేసే మడి పక్కన దీనిని పెంచితే ఆ నులిపురుగులకు మేలు చేసినట్లవుతుంది. కూరగాయల రైతుకు ఈ మాట ముందే చెప్పాలి.

కోత దశ

గునుగును పెంచడంలో అసలు చిక్కు కోతలో ఉంది. కంకి అడుగు నుంచి పైకి పూస్తుంది. కొన ఇంకా గులాబీ రంగులో మొగ్గలతో ఉండగానే అడుగు కాయల్లో గింజ నల్లబడుతుంది. పండుగకు అందరూ ఇష్టపడే పొడవైన, నిండు వెండి కంకి అంటే అడుగున గింజ తయారైన కంకి అన్నమాటే. దానిని కోసి, మోసి, అద్ది, పేర్చి, ఆడి, చెరువులో వదిలే వరకు దారి పొడవునా గింజ రాలుతూనే ఉంటుంది. ఇంత చక్కని విత్తన వ్యాప్తి ఏర్పాటు ప్రకృతి ఒక్కటే చేయలేదు, మనుషుల సాయం కూడా ఉంది.

కలుపు శాస్త్రవేత్త, పూల సాగుదారు ఇద్దరూ అంగీకరించగల దశ ఒకటి ఉండాలి. అడుగు పూలు వెండి రంగుకు తిరిగి, అడుగు కాయను చిదిమినప్పుడు గింజ ఇంకా ఆకుపచ్చగా లేదా లేత గోధుమ రంగులో ఉన్న దశ అది. ఆ దశలో కోసి తలకిందులుగా నీడలో వేలాడదీస్తే కాగితపు పరిపత్రాలు రాలవు, రంగు నిలుస్తుంది. ఆ దశలో కోసిన కంకిలోని గింజ ఆరిన తరువాత మొలకెత్తగలదా లేదా అన్నది చాలా ముఖ్యమైన ప్రశ్న. మొలకెత్తలేకపోతే గునుగు కోతే గునుగు నివారణ అవుతుంది. గట్టు మీద, బీడు మీద మొలిచిన గునుగును పండుగకు సరిగ్గా ఆ దశలో కోసుకుపోయే మహిళ, పక్క చేను రైతుకు ఉచితంగా కలుపు విత్తనాన్ని తగ్గించిపెట్టినట్లు. మొలకెత్తగలిగితే ఇంకొంత ముందు కోయాలి. వివిధ దశల కంకుల నుంచి తీసిన గింజతో చేసే సాధారణ మొలక పరీక్ష ఈ విషయాన్ని తేల్చగలదు. ఏ విత్తన పరీక్షా ప్రయోగశాలలోనైనా కొద్ది వారాలలో ముగిసే పని.

విత్తనం కోసం మాత్రం కొన్ని మొక్కలను గింజ పూర్తిగా నల్లబడే వరకు ఉంచి, కంకికి పల్చని గుడ్డ సంచి కట్టి, కోసి దులపాలి. గునుగులోనే 36, 72 క్రోమోజోముల రూపాలు ఉన్నట్లు వృక్షశాస్త్ర సాహిత్యం చెబుతున్నది. ఊరూరా కంకి పొడవులో, రంగులో కనిపించే తేడాలు వాతావరణం వల్ల వచ్చినవా, జన్యుపరమైనవా అని తేల్చకుండా ఎంపిక మొదలుపెట్టడం తొందరపాటు. అలాగే పట్టుకుచ్చు పక్కనే పెంచిన గునుగు నుంచి విత్తనం తీసుకోకపోవడం మంచిది.

కూరగా, మందుగా, మల్లెకు విరుగుడుగా

లేత గునుగు ఆకు తినదగినది. నైజీరియా నైరుతి ప్రాంతంలోని యోరుబా ప్రజలు సోకో అనే పేరుతో దీనిని మడులలో సాగుచేసి, విత్తిన నాలుగైదు వారాల నుంచే కోసి అమ్ముతారు. అక్కడ ఇది ముఖ్యమైన ఆకుకూర. తెలుగు నేలలోనూ తోటకూర కుటుంబపు పెంచని కూరలను తినడం పాత అలవాటే. జహీరాబాద్ ప్రాంతంలో చేలలో దానంతట అవే మొలిచే ఆకుకూరల జ్ఞానాన్ని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఇప్పటికీ నిలుపుకుంటున్నారు. తోటకూర కుటుంబపు ఆకులలో ఆక్సలేట్లు, నైట్రేట్లు ఎక్కువగా ఉండగలవు కనుక ఉడికించి, నీరు వంపి వండడం క్షేమం. మూత్రపిండాలలో రాళ్ళ బాధ ఉన్నవారు దూరంగా ఉండడం మేలు.

ఎక్కడి ఆకు అన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. నేలలోని కాడ్మియంను గునుగు పీల్చుకుని పైభాగాలలో అధికంగా కూడబెట్టుకోగలదని చైనాలో జరిగిన పరిశోధనలు చూపాయి. కలుషిత నేలలను శుద్ధి చేయడానికి ఈ గుణాన్ని వాడుకోవాలని అక్కడి శాస్త్రవేత్తల ఆలోచన. అదే గుణం వల్ల పారిశ్రామిక వ్యర్థాలు చేరే కాల్వల వెంట, రద్దీ రహదారుల పక్క, మురుగునీటితో తడిసే పొలాలలో మొలిచిన గునుగును కూరకు వాడకూడదు. పోషకాహార శిక్షణలలో పెంచని ఆకుకూరలను ప్రోత్సహించే గృహవిజ్ఞాన శాస్త్రవేత్తలు ఈ మాటను ప్రతి సారీ చెప్పి తీరాలి. పువ్వుకు ఈ నిషేధం వర్తించదు. కలుషిత భూమిలో పండిన గునుగును అలంకరణకు వాడడంలో ఆహార ప్రమాదం లేదు, అయితే దానిని పశువులకు వేయకూడదు.

గింజను చైనా సంప్రదాయ వైద్యంలో కంటి జబ్బులకు వాడతారు. గింజలోని కొన్ని వలయాకార పెప్టైడ్లు కణవిభజనలో పాల్గొనే ట్యూబులిన్ అనే ప్రోటీన్ పనిని అడ్డుకుంటాయని జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఇవి ఆసక్తికరమైన విషయాలే, కాని వ్యవసాయ విస్తరణ కరపత్రంలోకి మోతాదులతో సహా ఎక్కవలసినవి కావు. చైనా వైద్యమే ఈ గింజను కంటిపాప విప్పారే గుణం వల్ల నీటికాసుల జబ్బు ఉన్నవారికి నిషేధించింది. గింజ కషాయాన్ని సర్వరోగ నివారిణిగా ప్రచారం చేసేవారికి విశ్వవిద్యాలయం పేరు ఊతం కాకూడదు.

సస్యశాస్త్రజ్ఞులకు ఎక్కువ ఆసక్తి కలిగించవలసినది మరొకటి. జొన్న వేళ్ళపై పరాన్నజీవిగా బతికే జొన్నమల్లెను తగ్గించడంలో గునుగు ఉపకరిస్తుందని ఉగాండాలో జరిగిన క్షేత్ర ప్రయోగాలు 2003లో ప్రచురితమయ్యాయి. అక్కడి శాస్త్రవేత్తలు దానిని మల్లెను తరిమే మొక్క అనే అర్థం వచ్చే పేరుతోనే ప్రస్తావించారు. సాధారణంగా ఇటువంటి మొక్కలు వేళ్ళ స్రావాలతో మల్లె గింజను మొలిపిస్తాయి. పట్టుకోవడానికి తగిన వేరు దొరకక ఆ మొలక చచ్చిపోతుంది. కలుపుతో కలుపును తగ్గించవచ్చునన్న ఈ ఆలోచన ఆకర్షణీయమైనదే. అయితే ఉగాండా జొన్నను పీడించే మల్లె జాతి వేరు, దక్కన్ ఎర్రనేలల్లోని మల్లె జాతులు వేరు. ఒక జాతిపై వచ్చిన ఫలితాన్ని మరొక జాతికి యథాతథంగా ఆపాదించి రైతుకు చెప్పడం తగదు. జొన్న విస్తీర్ణం కుంచించుకుపోయినా చెరకులోనూ మల్లె బెడద ఉన్నచోట, కుండీలలో చేసే ప్రాథమిక పరీక్షకైనా ఇది అర్హమే.

రంగు, చెరువు

గునుగుకు అద్దే రంగుల విషయంలో అభిప్రాయం స్పష్టంగా చెప్పవలసిందే. చవకైన పారిశ్రామిక రంగులను బకెట్లో కలిపి, గునుగు కట్టలను చేతులతో ముంచే పని చేసేది ఎక్కువగా మహిళలు, పిల్లలు. తొమ్మిదవ రోజు సాయంత్రానికి ఆ రంగంతా ఊరి చెరువుకు చేరుతుంది. పసుపు, బంతిరేకులు, మోదుగపూలు, బీట్‌రూట్ వంటి వాటి రంగు గునుగు పరిపత్రాలకు ఎంత మేర పడుతుంది, ఏ స్థిరీకారిణితో నిలుస్తుంది అన్నది గృహవిజ్ఞాన కళాశాలలోని వస్త్ర విభాగానికి చక్కని అంశం. తొమ్మిది రోజులు నిలిస్తే చాలు, చీరకు వేసినట్లు ఏళ్ళ తరబడి నిలవనక్కరలేదు. అడిగేవారు లేక ఈ పని ఆగిపోయింది. పండుగ ముగిశాక మిగిలే ఆరిన గునుగుకు ఎండు పూల వ్యాపారంలోనూ చోటు ఉండవచ్చు. తూత్తుకుడి, కోల్‌కతా నుంచి ఎండిన పూలు, కాయలు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. కాని ఎగుమతి మాట తొందరపడి ఎత్తడం మంచిది కాదు. మార్కెట్ చూడకుండా నాటించి, రైతును నట్టేట విడిచిన ఔషధ మొక్కల అనుభవాలు విస్తరణ సిబ్బందికి కొత్తవి కావు. ముందు పక్క పట్టణపు కూడలిలోని గిరాకీని మహిళా సంఘాలు అందుకోగలిగితే అది చాలు.

చెరువు దగ్గర మరొక చిక్కుముడి ఉంది. నిమజ్జనమైన బతుకమ్మలతో పాటు గింజ పట్టిన కంకులు వేలకొలది పూడికలో కలుస్తాయి. మిషన్ కాకతీయ కింద 2015 నుంచి చెరువు పూడికమట్టిని పొలాలకు తోలుకోవడాన్ని ప్రోత్సహించారు. ఆ మట్టి సారాన్ని గురించి, నీటిని నిలుపుకునే శక్తిని గురించి పరిశీలనలు జరిగాయి. దానిలోని కలుపు గింజల సంగతి అంతగా చర్చకు రాలేదు. నీటి అడుగున గునుగు గింజ ఎన్ని నెలలు జీవశక్తి నిలుపుకుంటుందో తెలిస్తే, పూడికమట్టి తోలిన వేరుశనగ చేనులో తొలకరికి లేచే గునుగు పాత గింజదా, చెరువు గింజదా అన్నది తేలుతుంది. పూడిక తీసే వేసవిలో ఒక చెరువులో నాలుగైదు చోట్ల నుంచి, వివిధ లోతుల నుంచి మట్టిని తెచ్చి, తట్టలలో పరచి, తడిపి, మొలిచిన వాటిని లెక్కపెట్టడమే ఆ పరీక్ష. బతుకమ్మ ఘాట్‌కు దగ్గరలోని మట్టిని, దూరపు కొసన ఉన్న మట్టిని వేరువేరు తట్టలలో ఉంచడం మరువకూడదు.